చుక్క వెనక ముఖం

బెల్ ఫోర్క్‌లో వెర్లిన్ స్కాగిన్స్ ముప్ఫై నాలుగేళ్లు మందుల షాపు నడిపాడు. అమెరికాలోని ఆర్కన్సాలో మా నది రెండుగా చీలే చోట ఉంటుంది ఈ ఊరు. ఊళ్లో సగంమందికి బీపీ ఎంతో, సుగరెంతో అతనికి తెలుసు. తెలిసినా ఎవరి సంగతీ ఎవరి దగ్గరా ఎత్తేవాడు కాదు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నవ్వాల్సి వస్తే ముందు గొంతు సవరించుకునే అలవాటు. తెల్లకోటు కింద, కుడి నడుము దగ్గర, తోలు ఒరలో పిస్తోలు ఉండేది. ప్యాంటుకి బెల్టు పెట్టుకున్నట్టే పొద్దున్నే దాన్నీ పెట్టుకునేవాడు. మా వైపు అదేం వింత కాదు.

నా పేరు జూనెల్ పెట్రీ. ఊరి బయట, పాత సున్నపురాయి క్వారీలో, తుపాకీ కాల్చడం నేర్పే షూటింగ్ రేంజి మాది. మా ఆయన ఉన్నప్పుడు ఆయన నేర్పేవాడు, ఆయన పోయాక నేను నేర్పుతున్నాను. వెర్లిన్‌కి పిస్తోలు పట్టుకోవడం నేర్పింది మా ఆయనే. ఇది చెప్పకుండా మిగతాది చెప్పడం న్యాయం కాదు.

తొమ్మిదేళ్ల కిందటి ఫిబ్రవరి. మంగళవారం, మధ్యాహ్నం నాలుగున్నర. షాపులో వెర్లిన్ ఒక్కడే ఉన్నాడు. తలమీదకి టోపీ లాక్కుని, మఫ్లరు ముక్కుదాకా చుట్టుకుని ఒకడొచ్చాడు. పిస్తోలు చూపించి నొప్పి మాత్రలన్నీ సంచీలో వెయ్యమన్నాడు. వెర్లిన్ బీరువా వైపు తిరిగినట్టే తిరిగి, కోటు తప్పించి తన పిస్తోలు తీశాడు. రెండుసార్లు కాల్చాడు. అంబులెన్సు వచ్చేలోపే వాడు కౌంటరు ముందు నేలమీద ప్రాణం వదిలాడు. వాడి పిస్తోల్లో ఒక్క తూటా కూడా లేదని ఆ సాయంత్రం షెరీఫ్ చెప్పాడు.

చనిపోయినవాడి పేరు డారెల్ మింక్స్. నది అవతలివాడు, ఇరవై ఆరేళ్లు. కలప కోతమిల్లులో నడుం దెబ్బతిని ఆ మాత్రలకి అలవాటుపడ్డాడట. కేసేమీ పెట్టలేదు, పెట్టాల్సింది ఏమీ లేదన్నారు. ఊరు వెర్లిన్‌ని నెత్తిన పెట్టుకుంది. ఎక్కడ కూర్చుని తిన్నా ఎవరో ఒకరు వచ్చి భుజం తట్టి వెళ్లేవాళ్లు. ఒకసారి కాఫీ హోటల్లో ఎవరో పెకాన్ పప్పుల తీపి రొట్టె ముక్క తెచ్చి అతని ముందు పెట్టి, మా అందరి తరఫునా అన్నారట. ఆ రోజు నుంచి ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

మూడు నెలల తర్వాత రేంజికి వచ్చాడు. కాల్చడానికి రాలేదు. బల్ల మీద కూర్చుని, మీ ఆయన కోసం వచ్చాను, ఆయన లేడు కదా, నీకే చెబుతున్నాను అన్నాడు. తనకి ఆ మనిషి ముఖం గుర్తు లేదు. పిస్తోలు గొట్టం చివర గురి చూసుకోవడానికి ఉండే మొన, ముందు సైటు గుర్తుంది. దాని మీద తెల్ల చుక్క గుర్తుంది, ఆ చుక్కకి ఎడమవైపు గోటిగీత లాంటి గీత గుర్తుంది. దాని వెనక అంతా మబ్బు. మఫ్లరు జారిందని షెరీఫ్ చెప్పాడు కాబట్టి ముఖం బయటే ఉండి ఉండాలి. తను మాత్రం చూడలేదు. పేపర్లో పడ్డ ఫొటో వాడు స్కూలు పూర్తిచేసిన నాటిది. బూరెబుగ్గల పిల్లవాడు. ఆ రోజు వచ్చినవాడికీ ఆ పిల్లవాడికీ సంబంధం కుదరడం లేదు.

మా ఆయన నేర్పిందే అది, నేనూ కొన్ని వందలమందికి నేర్పాను. చూపు ముందు సైటు మీదే ఉంచు, ఎదురుగా ఉన్నది మసకబారినా పట్టించుకోకు. వెర్లిన్ చెప్పినట్టే చేశాడు.

తర్వాత ఏళ్లు గడిచాయి. షాపు నడిచింది. మింక్స్ కుటుంబంవాళ్లు ఎవరూ ఆ షాపు గడప తొక్కలేదు, వాళ్ల ఊళ్లో వేరే మందుల షాపు ఉంది. వెర్లిన్ పిస్తోలు మానలేదు, ఇంకా పట్టుదలగా పెట్టుకున్నాడు. డారెల్ మనుషులు ఎవరైనా ఎప్పుడైనా రావచ్చని భయం. అతని భార్య ఇలీన్ మాత్రం ఆ విషయం ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

అరవై రెండో ఏట కళ్లు దెబ్బతీశాయి. నెలకోసారి రేంజికి వచ్చేవాడు. కళ్లజోడు కింది ముక్కలోంచి ముందు సైటు చూడ్డానికి గడ్డం పైకెత్తేవాడు, అప్పుడు ఎదురుగా వేలాడే గురి కాగితం కనిపించేది కాదు. గడ్డం దించితే సైటు మాయం. కాగితం మీద తూటాలు తలోదిక్కూ పోతున్నాయి. ఎర్రచుక్క సైటు పెట్టించుకోమన్నాను. పిస్తోలు పైభాగాన్ని కాస్త చెక్కి, దాని మీద గోరంత గాజుకిటికీ బిగిస్తారు. ఆ గాజులో ఒక ఎర్రటి చుక్క తేలుతూ కనిపిస్తుంది. కాల్చేవాడికి తప్ప ఇంకెవరికీ కనపడదు, ఎదుటివాడి ఒంటి మీద ఏమీ పడదు.

వెర్లిన్ ముఖం చిట్లించి, అవన్నీ కుర్రాళ్ల ఆటబొమ్మలు, బ్యాటరీ అయిపోతే దిక్కెవరు అన్నాడు. ఈ సైటుతో చుక్కని చూడాల్సిన పని లేదని చెప్పాను. రెండు కళ్లూ తెరిచి ఎదుటివాణ్నే చూడాలి, చుక్క దానంతటదే వచ్చి చూపు మీద కూర్చుంటుంది.

"అంటే అటు ఉన్నవాడు స్పష్టంగా కనిపిస్తాడా?" అన్నాడు.

"కనిపిస్తాడు."

"ముఖం కూడా?"

"అన్నీ కనిపిస్తాయి వెర్లిన్. అందుకే అది."

సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. వదిలేశాడనుకున్నాను. ఆరు వారాల తర్వాత సైటు బిగించిన పిస్తోలు, దానికి సరిపడేలా కుట్టించిన కొత్త ఒర పట్టుకుని వచ్చాడు.

మొదటి నెల నానా తిప్పలు పడ్డాడు. పిస్తోలు పైకెత్తితే గాజు ఖాళీ. చుక్క కోసం మణికట్టు అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కునేవాడు. వెతక్కు, చేతులు సరిగా వస్తే అదే వస్తుంది అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. చివరికి ఒకరోజు వచ్చింది. రాగానే గజగజా వణికింది. వెర్లిన్ చేతులు దించేసి నావైపు చూశాడు.

"ఇది నా చేతి వణుకేనా?"

"అందరి చేతులూ వణుకుతాయి."

"ఇన్నేళ్లూ ఇలాగే వణికిందా?"

"ఇన్నేళ్లూ నీకు కనపడలేదు, అంతే."

పదిహేను గజాల దగ్గర సన్నని మరలు తిప్పి గురి సరిచేశాం. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక గాజు మీద పట్టిన నూగు తుడిచేవాడు. ఏటా ఇలీన్ పుట్టినరోజున బ్యాటరీ మార్చాలని క్యాలెండర్లో రాసుకున్నాడు. ఇవన్నీ అతనికి ఇష్టమైన పనులు. మందుల షాపువాడు కదా, చిన్న చిన్న వస్తువులతో ఓపిక ఎక్కువ.

నా దగ్గర రెండు రకాల కాగితాలుంటాయి, వట్టి గుండ్రాలున్నవి, దొంగవాడి బొమ్మ ముద్రించినవి. బొమ్మలున్నవి తనకి వద్దని మొదట్లోనే చెప్పాడు. ఓ శనివారం మాత్రం తనే వెళ్లి ఒక బొమ్మ కాగితం తగిలించి వచ్చాడు. పిస్తోలు తీసి ఎత్తాడు. నిలబడ్డాడు. మామూలుగా ఒక్క క్షణం పట్టే పని. అతను అలా ఎంతసేపు నిలబడ్డాడంటే, పక్క వరసలో కాలుస్తున్నవాళ్లు ఆపి చూడ్డం మొదలుపెట్టారు. కాల్చకుండానే దించి ఒరలో పెట్టాడు.

"వాడి చొక్కా గుండీ కూడా కనిపిస్తోంది జూనెల్," అన్నాడు నా దగ్గరకొచ్చి.

ఇంటి సంగతులు ఇలీన్ చెప్పింది. రోజూ పొద్దున్న పిస్తోలు ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టి, నడవలో గోడకున్న లైటు స్విచ్చి మీద పది నిమిషాలు గురి సాధన చేస్తాడట. అది నేను చెప్పిన పద్ధతే. ఒకరోజు ఆవిడ వంటింట్లో గుడ్లు వేయిస్తుంటే నడవలోంచి మాటలు వినిపించాయి. ఫోను మాట్లాడుతున్నాడేమో అనుకుందట. తొంగి చూస్తే గోడకేసి పిస్తోలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇటు తిరుగు," అంటున్నాడట మెల్లిగా, బతిమాలుతున్నట్టు. "ఒక్కసారి ఇటు తిరుగు."

ఆవిడ వెనక్కి వచ్చి గుడ్లు దించేసిందట. ఇది నాకు చెప్పేటప్పుడు ఆవిడ తన చేతుల వంకే చూసుకుంది.

అక్టోబరులో జరిగింది అసలుది. పావుతక్కువ ఆరు, షాపు మూసే వేళ. బయట వాన. సహాయానికుండే అమ్మాయి వెళ్లిపోయింది. వెర్లిన్ బీరువాకి తాళం వేస్తుంటే తలుపు గంట మోగింది. తలమీద టోపీతో, తడిసిన కోటుతో ఒకడు లోపలికొచ్చాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. తిన్నగా కౌంటరు ముందుదాకా వచ్చి ఆగిపోయాడు. ఏం కావాలని వెర్లిన్ అడిగాడు. జవాబు లేదు. మళ్లీ అడిగాడు. అతను జేబులోంచి చెయ్యి బయటికి తియ్యబోయాడు.

వెర్లిన్ పిస్తోలు తీశాడు. తీసినట్టు తనకే తెలియలేదన్నాడు నాతో. చుక్క వచ్చేసింది, ఎదుటివాడి రొమ్ము మీద వణుకుతోంది. దాని వెనక మనిషి మొత్తంగా ఉన్నాడు. ముప్ఫై ఐదేళ్లుంటాయి. పెదవులు పగిలి ఉన్నాయి. గడ్డం మీంచి వాననీళ్లు కారుతున్నాయి. ఎడమ కనుబొమ్మలో వెంట్రుకలు మొలవని చిన్న చార ఉంది. ఆ కళ్లు వెర్లిన్ వైపు లేవు, మాత్రల బీరువా వైపూ లేవు. నేల వైపు చూస్తున్నాయి. దొంగతనానికి వచ్చినవాడు నేల చూడడు. వేలు ట్రిగ్గర్ మీదకి పోకుండా ఆగింది అందుకేనట.

"చెయ్యి కదపకు," అన్నాడు.

ఆ చెయ్యి సగంలో నిలిచిపోయింది. అతను అప్పుడు తలెత్తాడు.

"మా అమ్మ మందుల చీటీ సార్. జేబులో ఉంది. తియ్యనా, అక్కడే ఉంచేయనా?"

వెర్లిన్ పిస్తోలు దించాడు. ఒరలో పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. చీటీ తీసుకుని చూస్తే దాని మీద ఓసీ మింక్స్ అని ఉంది. డారెల్ తల్లి. ఎముకల్లో కాన్సరు. ఇంట్లోనే ఉంచి నొప్పి తెలియకుండా చూసుకోమని డాక్టర్లు పంపేశారు. నది అవతలి షాపులో ఆ మందు వారం దాకా రాదన్నారు. వచ్చినవాడు డారెల్ అన్న, లోనీ.

మందు ఇవ్వడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మాత్రల లెక్క తప్పుతోంది. మళ్లీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. లోనీ అక్కడే నిలబడ్డాడు.

"ఇక్కడేనా?" అన్నాడు నేల చూపిస్తూ.

"నీ కాళ్లకి కాస్త ఎడమ పక్కన," అన్నాడు వెర్లిన్.

లోనీ కుడివైపు రెండడుగులు జరిగి నిలబడ్డాడు.

"వాడేమన్నా అన్నాడా?"

"త్వరగా కానివ్వండి సార్ అన్నాడు. చేతిలో పిస్తోలు పెట్టుకుని కూడా సార్ అన్నాడు." వెర్లిన్ గొంతు సవరించుకున్నాడు. "వాడి ముఖం నేను చూడలేదు బాబూ. నీకు చెప్పాల్సిన మాటో కాదో నాకు తెలీదు. చూడకుండా కాల్చాను."

లోనీ టోపీ వెనక్కి తోశాడు.

"ఇప్పుడు చూస్తున్నారుగా. నాకన్నా రెండేళ్లు చిన్నోడు, అంతే తేడా. మా నాన్న చచ్చేదాకా నన్ను వాడి పేరుతో, వాణ్ని నా పేరుతో పిలిచేవాడు."

పొట్లం చేతికిచ్చేటప్పుడు వెర్లిన్ ఒకటి అడిగాడు. ఈ మందు ఇక ప్రతివారం కావాలి, మీరు నది దాటి రానక్కర్లేదు, నేనే ఇంటికి తెచ్చిస్తాను అన్నాడు. లోనీ తల అడ్డంగా ఊపాడు. ఇంటికి వద్దు, రోడ్డు పక్కన ఉత్తరాల పెట్టె ఉంది, అందులో పెట్టి హారన్ కొట్టండి, నేనొచ్చి తీసుకుంటాను అన్నాడు. తలుపు దగ్గర ఆగి, ఇందాక గురిపెట్టినప్పుడు మీ చెయ్యి బాగా వణికింది సార్ అని చెప్పి వెళ్లాడు.

రెండో రోజు వెర్లిన్ నా దగ్గరకొచ్చాడు. ఒర విప్పి, పిస్తోలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, ఈ గాజు పీకేసి పాత సైటు బిగించమన్నాడు. నిద్ర లేదు. తొమ్మిదేళ్లు మబ్బుగా ఉన్న చోట ఇప్పుడు ముఖం వచ్చి కూర్చుంది. పగిలిన పెదవులు, కనుబొమ్మలో చార, కారుతున్న నీళ్లు. లోనీ ముఖమే, కానీ నేల మీద పడుతున్నది డారెల్.

"వాడు ఇటు తిరిగాడు జూనెల్," అన్నాడు. "తిరగమని నేనే అడిగాను. ఇక అటు తిరగడం లేదు."

నేను పిస్తోలు ముట్టుకోలేదు. నీ కళ్లకి పాత సైటు కనపడదు, సైటూ కనపడదు మనిషీ కనపడడు అని చెప్పాను. అదే కావాలి అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. అతని మీదో, మా ఆయన మీదో, నా మీదో ఇప్పటికీ చెప్పలేను.

"చూడొద్దని నేర్పింది మేమే," అన్నాను. "ఓసీ మింక్స్ ఒక కొడుకుని పోగొట్టుకుంది దానివల్ల. రెండోవాడు నిన్న ఇంటికి వెళ్లాడంటే నువ్వు చూడబట్టి. నేను తియ్యను. ఇంకెవరి చేతైనా తీయించుకో."

తీయించుకోలేదు. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ తలగడ మీద తల పెట్టి సుఖంగా నిద్రపోయానని చెప్పను. అప్పటి నుంచి కొత్తగా నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి, ఏ సైటైనా సరే, పిస్తోలు ఎత్తకముందు ఎదుటివాడి చేతులు చూడండి, ముఖం చూడండి అని చెబుతున్నాను.

ప్రతి గురువారం మధ్యాహ్నం వెర్లిన్ షాపుకి గంటసేపు తాళం వేసి వంతెన దాటేవాడు. పెట్టెలో పొట్లం పెట్టి, హారన్ కొట్టి, లోనీ బయటికొచ్చేలోపు బయల్దేరేవాడు. జనవరిలో ఒక గురువారం ఎండ కాస్తోంది. వరండాలో కుర్చీలో, రెండు బొంతలు కప్పుకుని ఓసీ మింక్స్ కూర్చుని ఉంది. వెర్లిన్ కారు దిగాక చూశాడు ఆవిణ్ని. మళ్లీ ఎక్కి పోతే బాగుండదు. టోపీ తీసి నిలబడ్డాడు. ఆవిడ చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవర్రా ఆయన?" అని కొడుకుని అడిగింది.

"మందులాయనమ్మా."

"చలిలో నిలబెట్టావేంట్రా, లోపలికి రమ్మను. కాఫీ ఉంది."

లోనీ వెర్లిన్ వైపు చూశాడు. రమ్మనలేదు, వద్దనలేదు. షాపు ఖాళీగా వదిలొచ్చానమ్మా, ఇంకోసారి వస్తాను అని వెర్లిన్ అక్కణ్నుంచే గట్టిగా చెప్పాడు. అలాగే నాయనా అంది ఆవిడ. మలుపు తిరిగాక కారు పక్కకి ఆపేసి అక్కడే కూర్చుండిపోయాడట. తనెవరో ఆవిడ తెలిసే పిలిచిందా, తెలియక పిలిచిందా? ఈ ప్రశ్న నన్ను పదిసార్లు అడిగి ఉంటాడు. లోనీని మాత్రం అడగలేదు.

మార్చిలో ఆవిడ పోయింది. ఆవిడ సమాధి దగ్గరికి వెర్లిన్ వెళ్లలేదు. ఆ గురువారం కూడా అలవాటు కొద్దీ వంతెన దాకా వెళ్లి తిరిగి వచ్చాడని ఇలీన్ చెప్పింది. వేసవికి షాపు ఒక కుర్రజంటకి అప్పగించేశాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. టమాటాలు పెంచుతాడు, కోసుకోవడానికి వంగినప్పుడు చొక్కా పైకి లేచి ఒర కనిపిస్తుంది. పొద్దున్న నడవలో సాధన మానేశాడు. వంటింట్లో ఇలీన్ పక్కన కూర్చుంటున్నాడు. రాత్రి నిద్రలో ఏమన్నా మాట్లాడతాడా అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఈ ఆగస్టులో ఒక మధ్యాహ్నం, రేంజిలో ఎవరూ లేని వేళ, ఒక పాత ట్రక్కు వచ్చి ఆగింది. దిగినవాణ్ని నేనెప్పుడూ చూడలేదు. కనుబొమ్మలో చార చూసి పోల్చుకున్నాను. ఏం కావాలి బాబూ అంటే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏమీ కొనడానికి రాలేదు మేడమ్. ఎర్రచుక్క పెట్టిన పిస్తోలు ఒకటి చూపిస్తారా? ఖాళీదే. ఆ రోజు నా ఒంటి మీద నాకేం కనపడలేదు. ఆయనకెలా కనిపించిందో చూద్దామని."

అద్దెకిచ్చే పిస్తోలు ఒకటి తీసి, ఖాళీగా ఉందని అతనికి చూపించి, చేతికిచ్చాను. దూరంగా బొమ్మ కాగితం ఒకటి వేలాడుతోంది. ఎలా పట్టుకోవాలో చెప్పాను. రెండు కళ్లూ తెరిచి ఉంచమన్నాను. చుక్క దొరకడానికి కొంతసేపు పట్టింది. దొరికాక ఊపిరి బిగబట్టి అలా ఉండిపోయాడు. అతని మోచేతులు వణుకుతున్నాయి.

"ఇంత చిన్నదా," అన్నాడు.

పిస్తోలు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, థాంక్స్ మేడమ్ అని చెప్పి ట్రక్కెక్కాడు. అతను వచ్చిన సంగతి వెర్లిన్‌కి నేనింకా చెప్పలేదు.